చిన్న దీవికి ఒక రోజు ఎక్కువ

19 జనవరి 2025, ఆదివారం, సాయంత్రం. పటేల్‌గూడ, మా ఇంటి ముందు గది.
హాజరైనవారు: నేను, నా భార్య, పక్కింటాయన, ఆయన భార్య.
విషయం: ఫిబ్రవరిలో అండమాన్ ప్రయాణం.

ఆ రోజు డైరీ పేజీ పైన ఇలాగే రాశాను. టర్బైన్లు తయారుచేసే ప్లాంటులో, ప్లానింగ్ సెక్షన్‌లో పనిచేసినన్నాళ్లూ మీటింగుకు ఎవరు వచ్చారు, ఏం తేలింది అన్నది రాయడం నా వంతు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో నలుగురం టీకి కూర్చున్నా హాజరు వేస్తాను. నా భార్య మొదట్లో నవ్వేది. ఇప్పుడు "నన్ను ముందు రాయండి, టీ పెట్టింది నేను" అంటుంది.

పక్కింటాయన సొంతూరు దగ్గర్లోని లక్డారం. నాకంటే పదేళ్లు చిన్న. మేము కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ప్లాంటు క్వార్టర్లలో ఉన్న రోజుల్లో, ఆయన మోపెడ్‌కు రెండు వైపులా గంపలు కట్టుకొని గేటు దగ్గరికి కూరగాయలు తెచ్చేవాడు. సొర, బీర, వంకాయ, అన్నీ సొంత పొలంలోవే. పరిచయం అలా మొదలైంది. తర్వాత ఎగువనున్న ఫ్యాక్టరీల నీళ్లు వాగులో కలిశాయి, వాగు నుంచి ఆయన బావిలోకి చేరాయి. ముందు కాపు తగ్గింది, ఆ తర్వాత కొనేవాళ్లు తగ్గారు. గంపలో కాయ ఎంత నవనవలాడినా మా క్వార్టర్ల ఆడవాళ్లు ఏ ఊరిదని అడిగి పక్కన పెట్టేసేవారు. పొలం ప్లాట్లయింది. ఆయన పటేల్‌గూడలో మా సొంతింటి పక్కన చిన్న ఇల్లు కట్టుకొని, జిన్నారం దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ గేటులో సెక్యూరిటీగా చేరాడు. ఆయన భార్య ఇంకో ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేస్తుంది.

నాలుగేళ్ల కింద ఆయన కిడ్నీలు పోయాయి. ఎందువల్ల అన్నది ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. ఆయనా గట్టిగా అడగలేదు. మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. మూడు రోజులూ పొద్దున్నే టిఫిన్ బాక్సు పట్టుకొని ఆటో ఎక్కుతాడు, మధ్యాహ్నం దాటాక ముఖం పాలిపోయి దిగుతాడు.

అంతకుముందు ఏటా చలికాలంలో మా రెండు జంటలం కలిసి ఒక ఊరు చూసి వచ్చేవాళ్లం. పూరీ, హంపి, రామేశ్వరం అలా చూసినవే. ఆయన జబ్బుతో అవి ఆగిపోయాయి. ఈసారి మళ్లీ పోదామని పట్టుబట్టింది ఆయనే. మెషిన్ మీద పడుకొని ఫోన్‌లో వీడియోలు చూస్తుంటే ఒకటి ఆయన కంట పడింది.

అండమాన్‌లో పక్కపక్కన రెండు దీవులున్నాయి. స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని వాటి పేర్లు. మా నలుగురికీ అవి పెద్ద దీవి, చిన్న దీవి. పెద్దదానిలో అడవి, తెల్లటి ఇసుక, హోటళ్లు, నీళ్లలో ముంచి చేపల్ని చూపించేవాళ్లు, జనం. చిన్నది బల్లపరుపుగా ఉంటుందట. సైకిలు మీద ఒక పూటలో చుట్టి రావచ్చట. అక్కడివాళ్లలో చాలామంది రైతులు. కూరగాయలు పండించి పడవల్లో చుట్టుపక్కల దీవులకు పంపుతారు. పక్కింటాయన చూసిన వీడియో అదే. పందిరి మీద సొరకాయలు, వాటి వెనక సముద్రం.

నేను వేసిన పట్టికలో చిక్కంతా ఆ చిన్న దీవి దగ్గరే వచ్చింది. శనివారం డయాలసిస్ అయ్యాక ఆదివారం తెల్లవారుజామున విమానం. ఆ పగలే పడవలో పెద్ద దీవి. సోమవారం తిరిగి పోర్ట్ బ్లెయిర్. మంగళవారం ఉదయం విమానం ఎక్కితే సాయంత్రానికి ఇక్కడ మెషిన్ దొరుకుతుంది. డయాలసిస్ సెంటర్ వాళ్లు సాయంత్రం షిఫ్టుకు ఒప్పుకున్నారు. చిన్న దీవిని కూడా కలిపితే ఒక రోజు పెరుగుతుంది. అంటే డయాలసిస్ బుధవారానికి పోతుంది. పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగాను. ఆ రోజు మెషిన్ ఖాళీగా ఉంటే చేస్తామని, ముందుగా మాట ఇవ్వలేమని చెప్పారు. వాళ్ల రోగులు వాళ్లకుంటారు. పోనీ పెద్ద దీవి మానేసి నేరుగా చిన్నదానికే పోదామంటే, దానికి పడవలు తక్కువ. గాలి ముదిరితే అవి కూడా ఆపేస్తారు. చిక్కుకుంటే ఆయన ప్రాణం మీదికి వస్తుంది.

అంతకుముందు ఆదివారమే ఈ సంగతి చెప్పాను. అదే రోజు ఇంకో మాట కూడా అన్నాను. మా ప్లాంటులో ఎంత పెద్ద టర్బైనైనా ట్రయల్ వేయకుండా గేటు దాటదు. తిప్పి చూస్తాం, వేడెక్కనిస్తాం, చప్పుడు వింటాం, ఆ తర్వాతే పంపుతాం. పడవ దగ్గర మెట్లుంటాయి, చేతిలో బరువుంటుంది కాబట్టి ఆడవాళ్లిద్దరూ వారం పాటు బ్యాగులు పట్టుకొని నడిచి చూడాలన్నాను. నడిచారు. అలిగి పుట్టింటికి పోతున్నారా అని వీధిలో వాళ్లు అడిగారట.

"మరి నాకేం ట్రయల్ లేదా సారు?" అని పక్కింటాయన ఆ రోజు అడిగాడు.

"నీకు వారానికి మూడు ట్రయళ్లు అవుతున్నాయి కదయ్యా" అన్నాను. అందరం నవ్వాం.

ఇక పందొమ్మిదో తేదీ. సాయంత్రం కూర్చునేసరికే జిన్నారం వైపు నుంచి వాసన మొదలైంది. చలికాలంలో గాలి కదలదు కాబట్టి పొగమంచులో కలిసి నేలబారుగా వస్తుంది. కుళ్లిన గుడ్లూ స్పిరిటూ కలిసినట్టుంటుంది. మేము కిటికీలు మూసి, తలుపు కింద తడిబట్ట పెట్టి కూర్చున్నాం. నలుగురం దగ్గుతూనే ఉన్నాం. పక్కింటాయన మాటకూ మాటకూ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటుంటే ఆ వాసనవల్లే అనుకున్నాం. ఈ ప్రాంతంలో ఎవరికి ఆయాసం వచ్చినా ముందు కిటికీ వేస్తాం. ఇక్కడ అంతే.

ఆయన కాళ్లు ఉబ్బి చెప్పుల పట్టీల అచ్చులు పడి ఉన్నాయి. ముందుగా చూసింది ఆయన భార్యే.

"నిన్ననే గద మిషిన్ ఎక్కినవ్. కాళ్లు గిట్లెందుకున్నయ్?"

"నీ కూరల ఉప్పు అట్లున్నది మల్ల" అన్నాడు.

"నా కూరకు పేరు వెట్టకు. క్యాంటీన్ల మూడొందల మంది తింటున్నరు."

"పాపం, వాళ్లకు ఇంకో క్యాంటీన్ లేదు గద."

నా భార్య టీ తెచ్చింది. ఆయన రోజుకు తాగాల్సిన నీటికి కొలత ఉంది కాబట్టి మా ఇంట్లో ఆయనకు విడిగా ఒక బుల్లి స్టీలు గ్లాసు ఉంటుంది. ఆ రోజు దాన్ని కూడా తోసేశాడు.

"ఏం తమ్ముడూ, నా టీ కూడా ఉప్పగా ఉందా?" అంది నా భార్య.

"లేదక్కా, ఇయ్యాల జెర బిగవట్టిన."

ఎందుకు బిగబట్టాడని మాలో ఎవరమూ అడగలేదు.

నేను పట్టిక చదివాను. పెద్ద దీవి ఒక్కటే, మంగళవారం తిరుగు ప్రయాణం. ఆయన భార్య సంబరపడింది. "నాకైతే గదే సాలు. తెల్ల ఇసుకంట, నీళ్లల్ల కాళ్లు వెట్టుకోని కూసుంట. ఎవ్వలికి వంట జెయ్య."

"సముద్రం పూరీల సూసినవ్ గదనే. ఉప్పు నీళ్లే. యాడ సూసినా గవే" అన్నాడాయన.

"మరి నువ్వు సూస్తనంటున్నదేంది? సొరకాయ. సొరకాయ కోసం విమానమెక్కుతరా ఎవలన్న? సంగారెడ్డి మార్కెట్ల కుప్పలున్నయ్, ఆటోల వోయి సూసిరా."

మేం నవ్వాం. ఆయనా నవ్వబోయాడు, దగ్గు వచ్చి ఆగిపోయాడు. దగ్గు తగ్గాక నావైపు తిరిగి మాట్లాడాడు. అంత సేపు ఒకే విషయం ఆయన మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

"సారు, నాకు నీళ్లు వొక్కటే దిక్కునుంచి ఖరాబైనయ్. గంతకే పొలం ఇడిశిపెట్టిన. వాళ్లకు నాలుగు దిక్కుల ఉప్పు నీళ్లే. బావి తవ్వితె ఏం నీళ్లొస్తయ్? ఎంత లోతుకు పోతరు? వానకాలం ఉప్పు ఎట్ల కడుగుతరు? గది సూడాలె. సూసినంక నేనేం జేస్త అని అడగకుండ్రి. జేసేటందుకు నాకు భూమి లేదు. ఉత్తగ సూడాలె."

ఆయన భార్య కొంగుతో ముక్కు మూసుకొని కిటికీ వైపు చూసింది.

"ఒక రోజు పెరుగుతుంది. నీ ఒళ్లు ఒప్పుకోవాలి కదయ్యా" అన్నాను.

"ఒప్పుకుంటది. రాస్కోండ్రి."

"నువ్వెట్లా చెప్తావు?"

"నా పెయ్యి నాకెర్క సారు. బుధవారం అని రాయుండ్రి."

అంత ధీమాగా ఎందుకన్నాడో అప్పుడు ఆలోచించలేదు. మంగళవారం డయాలసిస్‌కు పోయినప్పుడు డాక్టరమ్మను అడగాలని, ఆమె సరేనంటే చిన్న దీవిని కలపాలని తేల్చాం. పెన్సిల్‌తో రాశాను. ఆయన ఆ గీతను ఒకసారి వేలితో తడిమి చూసి, నెమ్మదిగా గోడ పట్టుకొని లేచాడు. గడప దగ్గర ఆయన భార్య చెయ్యి అందిస్తే తీసుకున్నాడు. మామూలుగా తీసుకోడు.

సోమవారం ఉదయం, ఇంకా వెలుతురు రాకముందు, ఆమె మా తలుపు కొట్టింది. చెప్పులు లేవు.

నేను వెళ్లేసరికి ఆయన మంచం అంచున కూర్చొని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి ఉన్నాడు. పడుకోబెడితే ఊపిరి ఆడడం లేదు. ఛాతీలో నీళ్లు గరగరలాడడం గుమ్మం దగ్గరికే వినిపించింది. కారు తీశాను. ఆడవాళ్లు ఆయన్ను వెనక సీట్లో మధ్యన కూర్చోబెట్టి చెరో వైపు పట్టుకున్నారు. హైవే మీద షిఫ్టు బస్సులు, ట్యాంకర్లు. అద్దంలో ఆయన పెదవులు నల్లబడడం కనిపిస్తుంటే చూడటం మానేసి రోడ్డు చూశాను.

సెంటర్‌లో ఆక్సిజన్ పెట్టి వెంటనే మెషిన్ ఎక్కించారు. కాగితాలు చూస్తున్న టెక్నీషియన్ తలెత్తి ఆయన భార్యను అడిగాడు.

"అమ్మా, శనివారం ఎందుకు రాలేదు? ఫోన్ చేస్తే ఊరికి పోయిన అన్నడు."

"వచ్చిండు గద బిడ్డ. బాక్సు గట్టిచ్చి నేనే పంపిన."

"రాలేదమ్మా. గురువారం వచ్చిండు. గదే ఆఖరు."

ఆమె నా భార్యతో మెల్లగా చెప్పింది. "శనివారం దొండకాయలు వట్టుకొచ్చిండక్కా. యాడివి అంటే సెంటర్ గేటు కాడ అమ్ముతున్నరన్నడు. ఈడ గేటు కాడ ఎవలున్నరు? పొద్దంత మార్కెట్ల కూసున్నట్టున్నడు."

గంట తర్వాత ఆయనకు కొంచెం ఊపిరి అందింది. నన్ను చూసి మాస్కు పక్కకు జరిపాడు.

"ఒక్కరోజు ఎక్కువైతే ఆగుతదా లేదా అని సూసిన సారు. మీ ప్లాంటుల గూడ గట్లనే సూస్తరు గద."

నా భార్య అక్కడే ఉంది. ఆమె నావైపు చూడలేదు. మాస్కు సరిచేసి, "మాట్లాడకు తమ్ముడూ" అంది.

పొద్దెక్కాక డాక్టరమ్మ వచ్చింది. కోప్పడుతుందనుకున్నాం, కోప్పడలేదు. గుండె దెబ్బతిన్నదని, కొట్టుకునే బలం తగ్గిందని చెప్పింది. కొన్నాళ్లు ఇక్కడే ఉంచాలి, ఆ తర్వాత వారానికి నాలుగుసార్లు అవసరం కావచ్చు. ప్రయాణం సంగతి నేనే అడిగాను, ఎవరో ఒకరు అడగాలి కాబట్టి. "ఇంటి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి ఇంటికి. అంతకు మించి పంపొద్దు. ఇప్పుడనే కాదు" అంది. ఆయనకు వినపడేలాగే చెప్పింది. ఆయన కళ్లు మూసుకొని ఉన్నాడు. నిద్రపోవడం లేదని తెలుస్తూనే ఉంది.

నేను వరండాలోకి వచ్చాను. ఆయన భార్య అక్కడ గోడకు ఆనుకొని క్యాంటీన్ సూపర్‌వైజర్‌తో ఫోన్‌లో మాట్లాడుతోంది. గొంతు మామూలుగానే ఉంది.

"అవ్ సార్, గా ఫిబ్రవరిల అడిగిన లీవు. గది వద్దు. గా దినాలు ఇప్పుడే రాయుండ్రి. ఇయ్యాల్టి సంది. లేదు సార్, యాడికీ పోతలేం."