అంబాసిడర్ కారుకు లోపలి కప్పు గుడ్డ మార్పించిన వైనం

పాత వాహనమునకు లోపలి కప్పు గుడ్డ మార్చదలచిన యజమాని ముందుగా అర్హుడైన పనివానిని ఎంచుకొనవలెను. ఈ నియమాన్ని నేను ఉల్లంఘించాను.

మా నాన్నగారి నాటి అంబాసిడర్‌లో పైగుడ్డ జారి నెత్తిన పడుతోందని మా ఆవిడ రెండేళ్లుగా ఆ కారెక్కడం మానేసింది. తణుకులో కారు సీట్లు కుట్టేవారెవరూ ఖాళీగా లేనందున, పెళ్లిళ్లకు షామియానాలు కుట్టే సూర్రావు గారికి పని అప్పగించాను. ఈ సాయంత్రం వెళ్లి చూస్తే, కారులో పైన ఎరుపు పసుపు చారల గుడ్డ, అంచుల వెంట కుచ్చులు.

"ఇదేంటండి సూర్రావు గారూ?"

"ముప్పై ఏళ్లుగా ఇదే కుడుతున్నానండి. దీని కింద కూర్చున్నోళ్లు ఒక్కరూ ఏడవలేదు, అప్పగింతలప్పుడు తప్ప."

భయపడుతూనే కారు ఇంటికి తెచ్చాను. మా ఆవిడ తలుపు తీసి చాలాసేపు పైకి చూసింది. తర్వాత చెప్పులు రోడ్డు మీదే విడిచి, ఎక్కి కూర్చుంది. ఎదురింటి పిన్నిగారు కిటికీలోంచి తొంగిచూసి, "భోజనాలెన్నింటికి బాబూ?" అని అడిగారు.

అభ్యంతరాలున్నవారు చెప్పులు విడిచి ఈ పోస్టు కింద వ్యాఖ్యానించవచ్చును. ఇకమీదట ఈ కారెక్కినవారెవరూ భోజనం చేయకుండా దిగరాదు. ఇదే అంతిమ నిర్ణయము.