పైనక్క కిందికి దిగి తిన్న అన్నం

ఆ కట్టడం పనిలో అందరూ ఆమెను పైనక్క అనే పిలిచేవారు. పేరు లేక కాదు, పేరు పెట్టి పిలిస్తే వినపడనంత ఎత్తులో ఉండేది కాబట్టి. కడుతున్న పెద్ద భవనాల పక్కన నిటారుగా నిలబడి, పొడుగాటి ఇనుప చెయ్యి చాచి, కడ్డీల కట్టలనూ కాంక్రీటు తొట్లనూ పై అంతస్తులకు అందించే క్రేను ఉంటుంది చూశారా, దాని నెత్తిమీద అద్దాల గదిలో కూర్చుని నడిపేది ఆమే. టన్ను బరువును శ్లాబు మీద చప్పుడు కాకుండా దించగలదు. అంత చేయి తిరిగిన మనిషికి ఒక్క బరువే మాట వినేది కాదు. అది ఆమె సొంత బరువు.

కంపెనీకి ఒక నియమం ఉంది. నిచ్చెనెక్కేవాళ్లు కట్టుకునే సేఫ్టీ బెల్టు నూరు కిలోల వరకే ఆగుతుంది. అంతకు మించితే పైకి ఎక్కనివ్వరు. ఏడాదికోసారి డాక్టరుగారు ముందుగా కబురు పెట్టి వచ్చి, ఆఫీసు గదిలో త్రాసు పెట్టి, క్రేను నడిపే నలుగురినీ, మేస్త్రీనీ ఎక్కించి చూస్తారు. ముల్లు నూరు దాటితే మూడు నెలలు స్టోరు గదిలో కూర్చోవాలి. రెండోసారి దాటితే ఇక క్రేను మాట మరిచిపోవాలి.

స్టోరు గదిలో కూర్చున్నా జీతం ఆగదు. కానీ ఆమెకు కావలసింది జీతం ఒక్కటే కాదు. ఆ అద్దాల గదిలో ఉన్నంతసేపు ఆమె ఎవరి కోడలూ కాదు, ఎవరి వదినా కాదు. కింద ఇంతమంది మగవాళ్లు తలెత్తి ఆమె చెయ్యి ఎటు కదిలితే అటు చూస్తారు. ఆ కుర్చీ పోతే తాను సగమైపోతానని ఆమెకు తెలుసు.

మరి అంత ప్రాణమైన కుర్చీ ఉన్న మనిషి నోరు కట్టుకోవద్దా అంటారేమో. అనడం తేలికే. కూర్చున్నచోటు నుంచి కదలని పని. దిగి ఎక్కాలంటే తలప్రాణం తోకకొస్తుంది. అందుకని క్యాబిన్ నుంచి తాడు వదిలితే, కింద ఈల బాబాయ్ దానికి సంచి కట్టేవాడు. బరువులకు కొక్కెం తగిలించి, ఈల వేసి సైగలు చేసే పెద్దాయన ఆయన. పైనున్న అమ్మాయికి ఆకలేస్తుందేమోనని ఆయనకు రోజంతా ఒకటే బెంగ. టీ, బన్ను, ఉడికించిన గుడ్లు, వేయించిన బంగాళాదుంపలు, మళ్లీ టీ. ఎవరింట్లో పిల్ల పాసైనా, ఎవరు కొత్త బండి కొన్నా, కేకులో పెద్ద ముక్క తాడెక్కేది. కళ్లు కొక్కెం మీద, ఒక చెయ్యి మీట మీద, రెండో చెయ్యి సంచిలో. ఏం తిన్నదో, ఎంత తిన్నదో ఆమెకే తెలిసేది కాదు.

పరీక్ష దగ్గరపడితే మాత్రం నలుగురు క్రేనువాళ్లూ కూడబలుక్కుని కడుపు మాడ్చుకునేవారు. మునుపు చూడాలి మీరు ఆ తమాషా! కళ్లు గుంటలు పడి, ఒకరి మీద ఒకరు కసురుకుంటూ తిరిగేవారు. ఆ రోజు పొద్దున మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. ఒకాయనైతే త్రాసెక్కే ముందు కట్టుడు పళ్లు తీసి జేబులో వేసుకున్నాడు. జేబు కూడా త్రాసెక్కుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. గట్టెక్కగానే ఆ మధ్యాహ్నమే విందు. నలుగురి తాళ్లకూ నాలుగు సంచులు, పగిలిపోయేంత నిండుగా. పోయిన కిలోలు ఒంటరిగా తిరిగి రావు కదా, చుట్టాలను కూడా వెంటబెట్టుకుని వస్తాయి. ఏటేటా తగ్గేది తక్కువ, పెరిగేది ఎక్కువ అయింది. చివరికి ఒక ఏడు పైనక్క ఎక్కేసరికి ముల్లు నూరు దాటేసింది.

స్టోరు గదిలో మొదటి రోజు ఆమె బోల్టుల డబ్బాల మధ్య కూర్చుని, కిటికీలోంచి తన క్రేనును ఇంకెవరో నడుపుతుంటే చూసింది. ఆ కొత్త మనిషి కడ్డీల కట్టను ఊపుతూ దించుతుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇంటికెళ్లి భర్త ముందు ఏడ్చేసింది.

ఆయన కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే మనిషి. మాటలు తక్కువ.

"కాలిన మోటారు తెస్తే నేను కొత్త తీగ చుట్టి ఇస్తాను," అన్నాడు. "పట్టుకెళ్లి మళ్లీ అదే లోడు మీద పెడితే మళ్లీ కాలుతుంది. నువ్వెప్పుడూ పరీక్షకి ముందు సంగతే చూశావు. పరీక్ష మర్నాటి సంగతి ఎప్పుడైనా చూశావా?"

"నన్ను మోటారంటావా?"

"ఛ, మోటారుకి ఇంత కోపం ఉండదు."

ఏడుపులోనే ఆమెకు నవ్వొచ్చింది. మర్నాడు వెళ్లి, తగ్గింది నిలవడం లేదేమని డాక్టరుగారినే అడిగింది.

"తగ్గడం సగం పనేనమ్మా," అన్నారాయన. "తగ్గాక ఒళ్లు ఊరుకోదు. పాత బరువు కావాలని మారాం చేస్తుంది. ఇదివరకటి కంటే ఆకలి ఎక్కువేస్తుంది. అది నీ చేతకానితనం కాదు, ఒంటి తీరే అంత. దానితో వేగుతూ ఉండాల్సిందే."

"ఎన్నాళ్లండీ?"

"ఉన్నన్నాళ్లూ."

ఆ మాటకు ఆమె దిగులు పడాలి. చిత్రంగా మనసు తేలికపడింది. ఇన్నేళ్లూ మూడు వారాల్లో తేల్చేయాల్సిన పనిని తాను తేల్చలేకపోతున్నానని సిగ్గుతో చచ్చిపోయేది. ఇది మూడు వారాల పని కానే కాదని ఇన్నాళ్లకు ఒకరు చెప్పారు.

మూడు నెలల్లో పస్తుల్లేకుండా, నడిచి, కంచంలో పెట్టుకున్నదే తిని, నూరుకు కాస్త దిగువకు వచ్చింది. కుర్చీ తిరిగి దక్కింది. ఆ మధ్యాహ్నం కింద విందు సంచి సిద్ధం చేసుకుని ఈల బాబాయ్ తాడు కోసం చూస్తున్నాడు. తాడు దిగలేదు. ఆమే దిగింది.

"ఇక నుంచి తాడు వదలను బాబాయ్. తింటే కిందికొచ్చి కంచంలో తింటా. పైన తిండి లేదు."

అందరూ నవ్వారు. మేస్త్రీ మాత్రం ఒంటికాలి మీద లేచాడు. "నువ్వు దిగి ఎక్కేలోపు నా కాంక్రీటు గడ్డకట్టి చస్తుంది!"

"మధ్యాహ్నం తిండివేళ అందరికీ ఉంది, నాకూ ఉంది. ఇన్నేళ్లూ వాడుకోలేదంతే. కాంక్రీటుని ఆ వేళ చూసుకుని కలుపుకోండి."

మేస్త్రీ గొణుక్కుంటూనే కాంక్రీటు వేళ మార్చుకున్నాడు. బాబాయ్ అయితే ముఖం మాడ్చుకున్నాడు. "అంతేలే. నా చేతి తిండి తినే నీకు ఒళ్లొచ్చిందంటావు."

"నీ పక్కన కూర్చుని తింటానంటుంటే అలుగుతావేంటి బాబాయ్?"

వారం రోజులు బిగుసుకుని, ఆ తర్వాత ఆమె కోసం నీడలో చోటు పట్టి ఉంచడం మొదలుపెట్టాడు.

అంతటితో కథ కంచికి చేరిందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. బరువు ఇంకా మెల్లమెల్లగా దిగుతూనే ఉన్నా, రోజూ దిగి ఎక్కీ మోకాళ్లు పీకేవి. సాయంత్రమయ్యేసరికి పాత సంచి గుర్తొచ్చి నోరూరేది. ఎంత తిన్నా రివటలా ఉండే ఆడపడుచును చూస్తే గొంతు నులమాలనిపించేది. ఒక ఏడు వానలు వదలకుండా పట్టుకున్నాయి. క్రేను ఆగిపోయి, వారాల తరబడి ఇంట్లో కూర్చుని, బిస్కెట్ల డబ్బాకు తోడైంది. దిగిన కిలోల్లో కొన్ని మళ్లీ ఎక్కాయి. పాత పైనక్కయితే, ఎలాగూ పోయింది కదా అని పరీక్ష దాకా గేట్లు ఎత్తేసేది. ఈసారి వాన వెలిసిన రోజున ఏమీ ఎరగనట్టు క్రేనెక్కి, మధ్యాహ్నం దిగి, కంచం ముందు కూర్చుంది. ఆమె సాధించినది ఏదైనా ఉందంటే అది ఆ రోజున సాధించింది. చూసినవాళ్లు ఎవరూ లేరు, చప్పట్లు అసలే లేవు. అందుకే నేను చెబుతున్నాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే పిడుగు పడింది. కబురూ కాకరకాయా లేకుండా డాక్టరుగారి బండి గేటులోకి వచ్చింది. పస్తుల నాటకం కంపెనీ పెద్దలకు తెలిసిపోయిందట. ఇక నుంచి చెప్పకుండానే వచ్చి తూస్తారట.

సైటంతా గొల్లుమంది. కట్టుడు పళ్ల ఆయన చెయ్యి నోటి దగ్గరికి వెళ్లింది. మేస్త్రీ సిమెంటు గోదాము చూసి రావాలంటూ మెల్లగా జారుకున్నాడు. పైనక్క అప్పుడే తిని చెయ్యి కడుక్కుంటోంది. కడుపు నిండుగా ఉంది. వానల్లో వచ్చిన కిలోలు ఎన్ని పోయాయో, ఎన్ని ఉన్నాయో తెలియదు. ఇది రెండోసారి. దాటితే కుర్చీ ఇక లేదు. ఒక్క వారం ముందు చెప్పి ఉంటే ఎంత బాగుండేదని మనసు పాత దారి పట్టింది. వెంటనే తన మీద తనకే కోపం వచ్చి, అందరికంటే ముందు వెళ్లి నిలబడింది.

"బూట్లు విప్పమ్మా," అన్నారు డాక్టరుగారు.

"ఉండనివ్వండి. వీటితోనే కదా ఎక్కేది."

ముల్లు ఊగి ఊగి తొంభై నాలుగు దగ్గర ఆగింది. డాక్టరుగారు కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూశారు.

"ఎన్నాళ్ల నుంచి పస్తు ఉంటున్నావు? నిజం చెప్పు."

"ఇప్పుడే అన్నం తిని వచ్చానండీ."

"నా పక్కనే తింది సార్," కిటికీ అవతలి నుంచి ఈల బాబాయ్ అరిచాడు. "మారు కూడా వేసుకుంది! నేను సాక్ష్యం!"

ఆ పూట మిగిలిన ముగ్గురిలో ఇద్దరు నూరు దాటి స్టోరు గది పాలయ్యారు. వాళ్లలో కట్టుడు పళ్ల ఆయన ఆమె ఎదురుగా వచ్చి, తల వంచుకుని, "రేపటి నుంచి నీతోపాటు కింద కూర్చుంటానక్కా, చోటు ఉంటుందా?" అన్నాడు. ఎందుకుండదు, రమ్మంది. అతని బాధ ఆమెకు తెలుసు.

తర్వాత బెల్టు కట్టుకుని నిచ్చెనెక్కింది. సగం దూరం వెళ్లాక ఆగి, ఇనుప కడ్డీకి నుదురు ఆనించి, సంతోషం పట్టలేక ఏడ్చింది. ఎవరికోసమో కాదు, ఏ పరీక్షకోసమో కాదు. ఒక మామూలు రోజున, కడుపునిండా తిని, తాను తనకు దక్కింది.

వాకీటాకీ గరగరలాడింది. మేస్త్రీ గోదాములోంచి బయటికొచ్చినట్టున్నాడు. "కాంక్రీటు వచ్చేసింది! ఎక్కావా లేదా?"

"ఎక్కుతున్నా," అంది ఆమె, ముక్కు తుడుచుకుంటూ. "ఆగు."

మేస్త్రీ ఆగాడు. ఆయనతోపాటు కాంక్రీటు బండీ, కడ్డీలవాళ్లూ, పై అంతస్తు మనుషులూ అందరూ తలలెత్తి, పైనక్క ఒక్కొక్క మెట్టే ఎక్కి తన కుర్చీలో కూర్చునేదాకా ఆగారు.