పదిహేడో చింతగింజ

ముందు పోయినవి చెబుతాను. మూడు విమాన టికెట్లు. జార్జియా దేశంలో కొండల మీద చెక్క గుడిసెలో ఒక రాత్రి బస. ఎడమకాలి మంచుచెప్పు ఒకటి. ప్రసాద్‌తో పదకొండేళ్ళ స్నేహం. ఇందులో ఒక్క అంకె కూడా నేను పెంచలేదు. దుబాయ్‌లో జెబెల్ అలీ రేవు గోడౌనులో ఇరవై ఏళ్ళుగా సరుకు లెక్కపెడుతున్నవాణ్ణి. పెంచి రాయడం నాకు చేతకాదు. ఈ చెవులతో విన్నాను... ఈ కళ్ళతో చూశాను.

కరోనాకు రెండేళ్ళ ముందు, మార్చి నెల. కరామాలో ఒకే ఫ్లాట్లో ఉండేవాళ్ళం, నేనూ ప్రసాదూ. నలభై ఆరేళ్ళు వచ్చినా మంచు చూడలేదని నాకు బెంగ. జార్జియాకి దుబాయ్ వీసా ఉంటే చాలు. ఏప్రిల్లో వెళ్ళాలి. ఎండ ఎక్కితే మంచు మెత్తబడి కాలు దిగిపోతుంది కాబట్టి, తెల్లవారుజామున మూడింటికే నడక మొదలెట్టాలి. ఇవన్నీ చదివి, గంటకు ఎన్ని అడుగులో, మనిషికి ఎన్ని కిలోలో పట్టిక వేశాను. గైడు మాత్రం ముగ్గురికి తక్కువైతే రానన్నాడు.

మూడోవాడు మల్లేశ్. జగిత్యాల వైపు మనిషి, మా కంపెనీ డ్రైవరు. ఇద్దరు ఆడపిల్లలు. మేలో సెలవు మీద ఇంటికి వెళ్ళాల్సినవాడు. వద్దన్నాడు. వారం రోజులు వెంటపడి నేనే ఒప్పించాను. ఇది గుర్తుపెట్టుకోండి.

దేశం విడిచి వెళ్తున్న ఒక దొర దగ్గర మూడు జతల మంచుచెప్పులు కొన్నాను. చేటంత వెడల్పుంటాయి, బూటు మీద పట్టీలతో బిగించుకోవాలి. మల్లేశ్‌కిచ్చిన ఎడమ చెప్పుకి తోక విరిగి ఉంది. వాటితో రాత్రి నడక సాధన చేయాలని, ఇద్దర్నీ అల్ ఐన్ రోడ్డు పక్క ఇసుకలోకి తీసుకెళ్ళాను.

"అన్నా, ఇసుకల గివ్వేసుకొని నడుస్తుంటే అరబ్బోళ్ళు జూస్తే నేరుగ పిచ్చాసుపత్రికే తోల్తరు," అన్నాడు మల్లేశ్.

"నువ్వు తోలక్కర్లేదుగా, వాళ్ళ బండిలోనే వెళ్దాం," అన్నాడు ప్రసాద్.

మూడింటికి బండి దగ్గర బయల్దేరాం. ముందు నేను, వెనక ప్రసాద్, చివర మల్లేశ్. మా నాన్న వడ్లు కొలిచేవాడు. ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. గుర్తుకి చింతగింజ పక్కన పెట్టేవాడు. నేనూ అంతే. నూరడుగులకో గింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి. గింజ మారినప్పుడల్లా నేను "లాభం" అనాలి, ప్రసాద్ "రెండు", మల్లేశ్ "మూడు". ఎవరూ తప్పిపోకుండా.

మొదటి గింజ. లాభం... రెండు... మూడు.

తర్వాత పొగమంచు దిగింది. మార్చిలో అక్కడ మామూలే. లైటు వేస్తే తెల్లగోడ. ఆర్పేశాం. చప్... చప్... చెప్పుల చప్పుడొక్కటే. ఐదో గింజ. పదో గింజ. "మూడు" వస్తూనే ఉంది. పదహారో గింజకి కాస్త దగ్గరగా వినిపించినట్టుంది. అలసిపోయి ప్రసాద్‌ని ఆనుకొని నడుస్తున్నాడేమో అనుకున్నాను.

పదిహేడో గింజ.

"లాభం."

"రెండు."

...

ఆగాను. మళ్ళీ అన్నాను. లాభం. రెండు.

ఏమీ లేదు... ఇసుక జారే చప్పుడు కూడా లేదు.

"మల్లేశూ," అని అరిచాను. నా అరుపు నా మొహం ముందే పడిపోయింది. ఫోను చేస్తే ఎత్తలేదు. నలభై నిమిషాలు... అరుస్తూ, చేతులు చాచి తడుముకుంటూ. ప్రసాద్ నా బ్యాగు పట్టుకొని వదల్లేదు. "వాళ్ళావిడకి ఫోను మీరే చెయ్యాలి గురువుగారూ. నావల్ల కాదు," అన్నాడు. వచ్చే నెల జీతంతో చిన్నపిల్లకి సైకిలు కొంటానన్నాడు మల్లేశ్. గుర్తొచ్చింది. నేనే కదా ఒప్పించింది.

చివరికి వంగి, లైటు ఇసుకకి ఆనించి, మా అడుగులు వెతుక్కుంటూ వెనక్కి వచ్చాం. బండి కనబడింది. లోపల దీపం వెలుగుతోంది.

మల్లేశ్ సీటు వాల్చుకొని పడుకున్నాడు.

ప్రసాద్ వాడి చొక్కా పట్టుకున్నాడు. "ఎప్పుడొచ్చావురా?"

"ఎప్పుడేంది? మొదటి గింజకు మూడంటిగద. దాటినంక ఎడమ పట్టీ తెగింది. ఆ చెప్పు ఆడనే ఇడిచిపెట్టిన, కుడిది ఇప్పి చేతవట్టుకున్న. మీరు నడువుండ్రి, నేను బండికాడ ఉంటా అని ఒర్లిన. సరే అన్నరు గదనే."

"ఎవరన్నారు?"

"మీల ఒగలు."

మేమిద్దరం అనలేదు. ప్రసాద్ నా వైపు చూశాడు. నేను జేబులో గింజలు లెక్కపెట్టాను. పదిహేడు.

తెల్లారి, పొగమంచు విడిచాక, ముగ్గురం మళ్ళీ వెళ్ళాం. మొదటి గింజ దాటాక మల్లేశ్ బూటు గుర్తులు బండివైపు తిరిగాయి, నిజమే. వదిలిన చెప్పు మాత్రం లేదు. అక్కణ్ణుంచి నా అడుగులు, ప్రసాద్ అడుగులు... వాటి వెనకే ఇంకొకటి. ఎడమ చెప్పు ఒక్కటే. విరిగిన తోకతో. కుడికాలు ఆనాల్సిన చోట ఇసుక నున్నగా ఉంది.

పదిహేడో గింజ దాకా అంతే. అక్కడ మేం ఆగినచోట, ఆ గుర్తు మా వెనక లేదు.

ముందుంది. మా వైపు తిరిగి.

దాని అవతల పదకొండు అడుగులు... కంకర తవ్వి వదిలేసిన గొయ్యి. రాయి విసిరి చూశాను. నాలుగు లెక్కపెట్టాక చప్పుడొచ్చింది.

మల్లేశ్ చాలాసేపు ఆ గుర్తునే చూశాడు. "ఖలాస్ అన్నా. మంచు లేదు, ఏం లేదు. నేన్ పిల్లల తానికి పోతున్న," అన్నాడు. ఆ వారమే వెళ్ళిపోయాడు. ఇద్దరికి గైడు రాడు కదా. టికెట్లు అలా పోయాయి.

గొంతు మార్చి ఆ "మూడు" నువ్వే అన్నావా అని ప్రసాద్‌ని మూడుసార్లు అడిగాను. మూడోసారి మంచం తీసుకొని వేరే ఫ్లాటుకి మారిపోయాడు. వాడే అయితే ఆ ఒంటికాలి గుర్తు ఎవరిది?

అది మమ్మల్ని అక్కడిదాకా నడిపించిందా... అక్కడ ఆపిందా? ఎన్నిసార్లు కూడినా తేలదు. విన్న "మూడు"లు పదహారు. మల్లేశ్ పలికింది ఒకటి. గింజలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

ఎవరికో తెలియదు గాని, బాకీ పదిహేను.