లారీ వెనక పులి

ఖిదిర్‌పూర్‌లో లారీల వెనక బొమ్మలు వేసి బతికినవాణ్ణి. ఇప్పుడు కుడి భుజం సరిగ్గా పైకి లేవదు. బ్రష్షు పట్టుకున్న కాసేపటికే చెయ్యి లాగేస్తుంది. స్టిక్కర్లు వచ్చాక పనీ తగ్గింది. తగ్గినందుకు లోపల హాయిగా ఉంటుంది, అలా ఉన్నందుకు మళ్ళీ నా మీద నాకే చిరాకు.

నాన్న శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చి, ఇక్కడి రేవులో మూటలు మోశాడు. నాకు మూటలు గిట్టక, బొమ్మలు వేసే ఓ ముసలి మేస్త్రీ దగ్గర చేరాను. నెమలి వెయ్యాలంటే కాకి మెడ తిప్పడం చూడమనేవాడు. ఆవు వెయ్యాలంటే సందులో మేకల్ని చూడమనేవాడు. మరి పులి ఎలాగని అడిగితే, "ఇంట్లో పిల్లి లేదా?" అన్నాడు. ఉంది. మా ఇల్లు చేపల మార్కెట్ వెనకే, పిల్లులకి ఎప్పుడూ కొదవ లేదు. పిల్లి వెన్ను వంచడం, ఎలుక కోసం ఊపిరి బిగబట్టి పొంచి ఉండడం చూసి చూసి పులులు వేశాను. ఎక్కడో ఊరవతల ఉన్న బడ్జ్ బడ్జ్ నుంచి కూడా లారీలు నన్ను వెతుక్కుంటూ వచ్చేవి.

ఇప్పుడున్న పిల్లి ముసలిది. పళ్ళు ఊడిపోయి, రోజంతా రంగు డబ్బాల పక్కన పడుకుని సగం కన్ను తెరిచి చూస్తుంది.

మొన్న మా సందులోనే ఉండే మన శ్రీకాకుళం లారీ ఓనరు కొత్త బండి తెచ్చాడు. వాళ్ళ నాన్న బండికీ నేనే వేశాను. వెనక తలుపు మీద నేను సుద్దతో గీసిన పులిని చూసి నవ్వాడు.

"ఏటి బాబాయ్, పులికి జొరమొచ్చిందేటి? సరిగ్గా ఎయ్యకపోతే నాను స్టిక్కరే అంటించేత్తాను."

నవ్వుతూనే అన్నాడు గానీ నాకు చివుక్కుమంది. ఆ బండీ పోతే ఇక నన్ను పిలిచేవాళ్ళు లేరు.

మర్నాడు నేనూ మా ఆవిడా జూకి వెళ్ళాం. అది మా పేట పక్కనే. ఇంట్లో పిల్లి ఉండగా పులితో పనేమిటని ఇన్నేళ్ళూ అటు పోలేదు. కంచె అవతల పులి ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి పడుకుంది. జనం ఈలలు వేస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. అది సగం కన్ను తెరిచి, మళ్ళీ మూసేసింది.

మా ఆవిడ నా మోచెయ్యి పొడిచింది. "ఏటి, ఇది నువ్వేసిందే కదా! దీన్ని సూసి ఎవులైనా జడుత్తారేటి?"

నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చినంత పనైంది. ఎన్నాళ్ళ నుంచో తెలిసిన మనిషి ఎదురైనట్టనిపించింది.

సుద్దగీతలు చెరిపేసి, ఆ పడుకున్న పులినే వేశాను. చెయ్యి లాగినప్పుడల్లా ఆగి, పిల్లి పక్కన కూర్చుని మళ్ళీ లేచాను. ఇంత ఇష్టంగా ఏ బొమ్మా వెయ్యలేదు. అన్ని లారీలకీ రాసే 'హారన్ ప్లీజ్' మాత్రం దీని కింద రాయలేదు.

ఓనరు వచ్చి చూశాడు. "అచ్చరాలేవి బాబాయ్?"

"పడుకుంది కదరా. అలిసిపోయింది, లేపొద్దు."

పులిని వదిలేసి అతను నా వంకే చూశాడు. తర్వాత బండి తీసుకెళ్ళాడు.

నిన్న షాలిమార్ గూడ్స్ యార్డు బయట ఆ లారీ కనిపించింది. నా పులి కింద ఎవరో 'హారన్ ప్లీజ్' స్టిక్కర్ అంటించారు. వెనక బండ్లన్నీ హారన్లు మోగిస్తున్నాయి. పులి మాత్రం కన్ను తెరవలేదు.