నా భయాలతో పాఠం చెప్పిన మాస్టారు

జర్మన్ మాస్టారు పోయారన్న కబురు ఫోనులో వచ్చింది. నేను నమ్మలేదు. ఫోనులో వచ్చేవన్నీ నిజాలేనా?

మనవరాలు గుమ్మం పట్టుకుని ఏడుస్తోంది.

"ఏడవకే. ముందు కబురెవరు పెట్టారో సూడు. ఇలాటివి సెప్పి, కింద ఏదో నొక్కమంటారట," అన్నాను.

"సచ్చిపోయిన మనిషి మీద కూడా అనుమానమేనేటి మామ్మా!" అంది.

అనుమానమే. ఆయన బతికున్నప్పుడూ నాకు ఆయన మీద అనుమానమే. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

మా పిల్ల నర్సు చదువు చదివింది. జర్మనీ ఆసుపత్రిలో చేరాలంటే ముందు ఆ భాష పరీక్ష పాసవ్వాలి. నర్సీపట్నంలో చెప్పేవాళ్ళు మాకు దొరకలేదు. నక్కపల్లి అవతల సముద్రం ఒడ్డు పల్లెలో పుట్టి, ఓడల్లో పనికి పోయి, జర్మనీలో చాలాకాలం ఉండి వచ్చిన పెద్దాయన ఒకరు ల్యాప్‌టాప్‌లో నేర్పుతారని ఎవరో చెబితే చేరింది. మీరే చెప్పండి, ముక్కూ మొహం తెలియని మగమనిషి ఎదురుగా ఆడపిల్లని కూర్చోబెడితే ఏ పెద్దదానికి నిద్ర పడుతుంది? ఉద్యోగమని ఆశపెట్టి పిల్లల్ని ఎక్కడికో తోలేసేవాళ్ళ సంగతులు వినలేదా? అసలు ఆయన నిజమైన మనిషేనా? ఎవరి చేతిలో పెడుతున్నాను దీన్ని?

మొదటి వారమే మా పిల్ల బొట్టుబిళ్ళల పేకెట్లోంచి ఎర్రది ఒకటి తీసి, ల్యాప్‌టాప్ కెమెరాకి అంటించేశాను.

"ఏటమ్మా, మీ ఇంట్లో ఇంత సీకటి?" అని వినిపించింది అటునుంచి. పిల్ల సిగ్గుతో చితికిపోతూ, జరిగింది చెప్పేసింది. కోప్పడతారనుకున్నాను.

"మామ్మగారూ, మంచి పని సేసారండి. పాఠం అయిపోయాక రోజూ అంటించండి. పాఠం జరిగేటప్పుడు మాత్రం తీసీసి, మీరూ ఎదురుగా కూసోండి," అన్నారు. తరవాత పిల్లతో, "ఈవేళ మీ మామ్మగారి భయమేటో జర్మన్లో రాయమ్మా. అదే మన పాఠం," అన్నారు.

పాఠంలో పిల్లలంతా కలిసి రాసే కాగితం తెర మీదే ఉంటుంది. మా పిల్ల ఇక్కడ రాస్తుంటే, కొయ్యూరు నుంచి ఒకమ్మాయి, మాకవరపాలెం నుంచి ఇంకొకమ్మాయి అదే కాగితం మీద దిద్దుతారు. ఎవరి చెయ్యీ కనబడకుండా అక్షరాలు పుట్టడం, చెరిగిపోవడం చూసి, "ఎవరో మన కాగితంలో దూరీసారే!" అని అరిచాను. మర్నాడు అదే పాఠమయింది.

అలా నా భయాలన్నీ ఆ కాగితానికెక్కాయి. గ్యాసు కట్టేశానో లేదో. అక్కడి చలికి పిల్ల తట్టుకుంటుందో లేదో. కరెంటు పోతే అప్పటిదాకా మాట్లాడిన మాటలు ఏ తీగలో ఉండిపోతాయో, వాటిని ఎవరు వింటారో. కొయ్యూరు పిల్ల సిగ్నలు కోసం గుట్టెక్కి కూర్చుని, "మామ్మా, ఈవేళేటి భయం? బేగి సెప్పు, సార్జింగ్ అయిపోతంది," అని వేళాకోళమాడేది.

ఒకనాడు ఉండబట్టలేక ఆయన్నే అడిగాను. "నా భయాలు మీకెందుకండీ?"

"ఈ పిల్లలు అక్కడ సూడబోయేది ముసలోళ్ళనేనండి. ముసలోళ్ళ భయాలు ఏ దేశంలోనైనా ఇవే. ఇవి సెప్పడం, వినడం వస్తే సాలు," అన్నారు.

బాగా చెప్పారు. అంత బాగా చెప్పేవాళ్ళంటేనే నాకు మరీ అనుమానం.

ఆయన వెనక నీలం గోడ, గోడకో గడియారం ఉండేవి. ఎప్పుడు చూసినా నాలుగున్నరే. "ఇది పాత వీడియోనే. అక్కడ మనిషి లేడు," అన్నాను పిల్ల చెవిలో. ఆయనకు వినబడింది. లేచి వెళ్ళి, గడియారం దింపి తెచ్చి, వేలితో ముల్లు తిప్పి చూపించారు. "ఇప్పుడెంతయిందో మామ్మగారికి జర్మన్లో సెప్పండమ్మా." అందరూ చెప్పాక ముల్లుని మళ్ళీ నాలుగున్నరకే తెచ్చి గోడకి తగిలించారు.

"బేటరీ వేసుకోవచ్చు కదండీ," అన్నాను.

"వేస్తే రేపు మీరు నన్ను పోల్సుకోరండి," అని నవ్వారు.

ఆ నవ్వు నిజమైనదే అనిపించింది. అయినా, వాళ్ళ ఊరి దగ్గరి ఉపమాక గుడికి దర్శనానికి వచ్చినప్పుడు తమ ఇంటికి రమ్మని ఆయన ఎన్నిసార్లు పిలిచినా వెళ్ళలేదు. ఎందుకు పిలుస్తున్నారో అని.

చివరి రోజుల్లో వీడియో ఆపేసి, గొంతు మాత్రం వినిపించేవారు. నెట్ బాగోలేదనేవారు. అది అబద్ధమని నాకు తెలుస్తూనే ఉంది. ఎలాంటి అబద్ధమో మాత్రం తెలియలేదు.

పెద్దకర్మ నాడు పిల్లని తీసుకుని వాళ్ళ ఊరికి బస్సెక్కాను. వీధిగదిలో నీలం గోడ ఉంది. ఉప్పుగాలికి పెచ్చులూడింది. చెయ్యి వేసి చూశాను. గడియారంలో నాలుగున్నర.

మూలన కూర్చున్న ఆయన భార్య నన్ను చూసి, "మామ్మగారంటే మీరేనా అండీ?" అంది. "రోజూ మీ కబుర్లు సెప్పి నవ్వీవోరు. ఒంట్లో బాగోపోయినా, ఈవేళ మామ్మగారికేటి భయమొచ్చిందో అని లేచి కూసునీవోరు."

మా పిల్ల బల్ల మీద మూసి ఉన్న ల్యాప్‌టాప్ వైపే చూస్తోంది. ఆవిడే లేచి దాన్ని తెరిచింది.

కెమెరా మీద ఎర్ర బొట్టుబిళ్ళ.

"నా పేకెట్లోదేనండి. మామ్మగారు సెప్పింది నిజమేనే అని, పాఠం అవగానే నన్నడిగి అంటించీవోరు."

ఆవిడ నుదుటి బొట్టు ఆ ఉదయమే తీశారు. వెనకనుంచి ఎవరో పెద్దామె, "అది కూడా తీసీయవే," అంది.

బిళ్ళ అంచు కొంచెం లేచి ఉంది. ఆవిడ దాని మీద వేలుంచి, ఊడిపోకుండా గట్టిగా నొక్కింది.