తాడు తెగిన బండి

మార్కాపురం బజారులో కోటిరత్నం స్టీలు సామాన్ల దుకాణానికి వెళ్లినవాళ్లందరికీ ఒక సొట్ట బిందె కనిపిస్తుంది. గల్లాపెట్టె పైన, దేవుడి పటాల పక్కన ఉంటుంది. అది అమ్మకానికి కాదు. ఎప్పుడో ఒక టోకు వ్యాపారి మంచి సరుకు మధ్యలో ఇరికించి అంటగట్టిన బిందె. ఆయన దుకాణానికి వచ్చినప్పుడల్లా కోటిరత్నం కాఫీ తెప్పిస్తుంది, పిల్లల చదువులు అడుగుతుంది, మాటల మధ్యలో ఒక్కసారి తలెత్తి ఆ బిందె వైపు చూస్తుంది. పాపం, ఆయన ఇంతవరకు కాఫీ పూర్తిగా తాగింది లేదు.

అలాంటి మనిషి జోలికి వెళ్లాడు ఆమె మరిది లక్ష్మీకాంత్.

కోటిరత్నం కనిగిరి ఆడపడుచు. నరసింహాన్ని పెళ్లాడి మార్కాపురం వచ్చి, ఆయనతో పాటు దుకాణంలో కూర్చుని వ్యాపారం నేర్చుకుంది. ఇద్దరూ ముచ్చటపడి, కూతురు సింధుతో కలిసి తిరగడానికి సరిపోయే చిన్న ఎస్‌యూవీ ఒకటి కొన్నారు. బండి కొన్న మరుసటి ఏడాదే నరసింహం గుండెపోటుతో పోయాడు. కర్మ చేసిన ఇంట్లో పసుపునీళ్ల తడి ఆరకముందే లక్ష్మీకాంత్ వచ్చి, "ఆడమనిషివి, నీకు బండెందుకు వదినా? నాకిచ్చెయ్, ఆ డబ్బు సింధు పెళ్లికి పనికొస్తాది" అన్నాడు. కోటిరత్నం బండి ఇవ్వలేదు. ఆ నెలలోనే కాలేజీ మైదానంలో డ్రైవింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టింది.

పోయినేడు కార్తీక వనభోజనాలకు కోమట్లందరూ పెద్దారవీడు అవతల, కొండ కింద ఉసిరితోటకు వెళ్లారు. తోటకు ముందు వాగు. వాగు దాకా పలకల గనుల్లో పారబోసిన రాతిముక్కలు పరిచిన బాట. వడ్డనకు కావలసిన గంగాళాలు, బేసిన్లు అన్నీ కోటిరత్నం దుకాణంలోవే, అన్నీ ఆమె బండి డిక్కీలోనే. వాగులోకి దిగగానే బండి వెనుక భాగం కుంగింది, పొట్ట రాయికి ఆనింది, ఇక కదలనని మొరాయించింది. లక్ష్మీకాంత్ తన పెద్ద జీపు తెచ్చి, దొరికినచోట మోకు కట్టి, సగం బంపరు ఊడగొట్టి మరీ లాగాడు. అంతవరకు పోనీలే. ఒడ్డు మీద వందమంది చూస్తుండగా నడుం మీద చెయ్యి పెట్టుకుని, "తాడు తెగిన బండి గదా వదినా! మా తాడు పడితే గానీ యాడ కదుల్తాది?" అన్నాడు.

మొగుడు పోయిన ఆడదాన్ని తాడు తెగిందని అంటారని అక్కడ తెలియనివాళ్లు ఎవరూ లేరు. తెలిసే నవ్వారు. నవ్వనిది ఒక్క నాగజ్యోతి, లక్ష్మీకాంత్ భార్య. ఆమె తల దించుకుంది. కోటిరత్నం ఆ పూట అందరికీ స్వయంగా వడ్డించింది, తను ముద్ద ముట్టలేదు. ఆ తర్వాత బజారులో ఆమె కారు పేరే 'తాడు తెగిన బండి' అయి కూర్చుంది. ఆ మాట అదే వాగులో, అదే జనం ముందు, లక్ష్మీకాంత్‌కే తిరిగి అప్పజెప్పాలని కోటిరత్నం ఒట్టు పెట్టుకుంది.

మొదటి పనిగా కంభం రోడ్డులో మెకానిక్ ఫెబీ నడిపే టైర్ల దుకాణానికి వెళ్లింది. ఫెబీ ప్యాంటు, చొక్కా మీద నూనె మరకలతో బండి కింది నుంచి బయటికి వచ్చింది.

"దీన్ని మా మరిది జీపు కన్నా ఎత్తుకు లేపాల" అంది కోటిరత్నం.

"అంత లేపితే గిద్దలూరు ఘాట్లో మొదటి మలుపుకే పల్టీ కొడతాది. సింధును కూచోబెట్టుకోని తిరిగే బండక్కా ఇది. నీకు కావాల్సింది ఎత్తు గాదు, పట్టు. ఎనక షాకబ్జర్లు చచ్చిపోయినాయి, స్ప్రింగులు కూలబడినాయి. ఆ మీద నువ్వు గంగాళాలేస్తే పొట్ట నేలకు తగలక ఏంజేస్తాది?"

"పట్టుంటే వాగు దాటుతాదా?"

"దాటుతాది. నువ్వు నిదానంగా పోతే."

నాలుగు వైపులా కొత్త షాక్ అబ్జార్బర్లు పడ్డాయి, వెనుక బరువు ఓర్చే గట్టి స్ప్రింగులు పడ్డాయి. బండి రెండు వేళ్ల మందం లేచింది, అంతే. పల్చటి టైర్లు పలకరాయి అంచు తగిలితే పక్కన చీలిపోతాయని చెప్పి ఫెబీ మందపాటివి వేసింది. వాటి గాట్లు వేలు దూరేంత లోతు. మైలేజీ తగ్గుతుందని, తారురోడ్డు మీద చప్పుడు వస్తుందని ముందే హెచ్చరించింది. "అమ్మా, ట్రాక్టరెక్కినట్లుంది" అని సింధు ముఖం ముడుచుకుంది. కోటిరత్నానికి మాత్రం ఆ బర్రుమనే చప్పుడు తెగ నచ్చింది. దుకాణానికి దగ్గరి దారి వదిలేసి, రోజూ పొద్దున లక్ష్మీకాంత్ ఇంటి ముందు నుంచే వెళ్లసాగింది.

బండిని లాగడానికి కొక్కెం ఒకటి జాకీ సంచిలోనే ఉంటుందని, దాన్ని బంపరులో బిగించాలని కూడా ఫెబీ దగ్గరే తెలుసుకుంది. తర్వాత తాడు కొనడానికి వెళితే దుకాణంవాడు, "మోకు గావాల్నా అమ్మా?" అన్నాడు.

"మోకు గాదు. తాడు. తాడనే చెప్పు" అంది కోటిరత్నం. వాడు బిత్తరపోయి ఇచ్చాడు.

ఇక ఏడాదంతా ఆమె ఒక్క మాటను సానబెట్టింది. పప్పు తాలింపు వేస్తూ, దుకాణం షట్టరు ఎత్తుతూ, తనలో తనే అనుకునేది: 'ఇప్పుడు తాడు తెగింది ఎవరిది లక్ష్మీకాంతూ?' ఎక్కడ ఆగాలో, ఏ అక్షరం నొక్కాలో కూడా నిర్ణయించుకుంది.

ఈ ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. వాగు మోకాలి లోతున పారుతోంది. కోటిరత్నం వెళ్లేసరికి జనం చాలామంది నడిచి అవతలి ఒడ్డు చేరారు. వంటలన్నీ లక్ష్మీకాంత్ జీపులో ఉన్నాయి, జీపు వాగు నడుమ ఉంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం ఉందని ఆయన చెప్పుకునే జీపు అది. ఉన్నది వెనుక రెండింటికే, ఆ రెండింటి టైర్లూ గుండు కొట్టించుకున్నట్లు నున్నగా ఉన్నాయి. ఆయన తొక్కేకొద్దీ చక్రాలు ఇసుకలోకి దిగబడుతున్నాయి. అవతల పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు.

కోటిరత్నం చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్లలోకి దిగి, కాళ్లతో అడుగు తడిమి చూసింది. పక్కన నీళ్ల కింద పరుపుబండ తగిలింది. బండెక్కి, మొదటి గేరులో, ఆగకుండా, తొందరపడకుండా దాని మీదుగా పోనిచ్చింది. డిక్కీలో గంగాళాలు గణగణమన్నాయి గానీ పొట్ట ఎక్కడా తగల్లేదు. అవతల గట్టి నేల మీద ఆపి, కొక్కెం బిగించి, తాడు చుట్ట చేతిలోకి తీసుకుని వాగు అంచున నిలబడింది.

"కొంచెం లాగు వదినా" అన్నాడు లక్ష్మీకాంత్.

"దేంతో?"

"నీ చేతిలో ఉంది గదా."

"దీన్ని ఏమంటారు?"

ఆయన ఒడ్డు వైపు చూశాడు. గొంతు తగ్గించి, "వదినా, అందరూ చూస్తుండారు" అన్నాడు.

"పోయినేడు గూడా చూసినారు."

ఏడాదిపాటు సానబెట్టిన మాట నాలుక చివరికి వచ్చింది. నోరు తెరిచింది. అప్పుడు జీపు కిటికీలోంచి నాగజ్యోతి కనిపించింది. తోడికోడలు ఏమనబోతుందో ఆమెకు ముందే తెలిసిపోయింది. గుప్పిట్లో మంగళసూత్రాలు పట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఆ మాట తగిలేది లక్ష్మీకాంత్‌కు కాదు. కోటిరత్నం నోరు మూసుకుంది. పళ్ల మధ్య ఆ మాట చేదుగా నలిగింది. వాడి మీద కోపం మాత్రం రవ్వంత తగ్గలేదు.

"ఏమంటారో నువ్వే చెప్పు" అంది.

"తాడు."

"వినపడలా. వాగు చప్పుడు."

"తాడెయ్యి వదినా!" అని అరిచాడు లక్ష్మీకాంత్.

ఒడ్డు మీద ఎవరో కిసుక్కుమన్నారు. పోయినేడు అందరికన్నా గట్టిగా నవ్వినవాళ్లే ఈసారీ ముందు నవ్వారు. కోటిరత్నం వాళ్లవైపు చూసిన చూపుకు నవ్వు ఆగిపోయింది. తాడు విసిరింది. ఆయన నీళ్లలోకి దిగి, మొలదాకా తడిసేలా వంగి కట్టుకున్నాడు. కొత్త టైర్లు నేలను కరిచి పట్టాయి. వెనుక నుంచి నలుగురు ఓ చెయ్యి వేశారు. జీపు ఊగి, మూలిగి, ఒడ్డెక్కింది.

లక్ష్మీకాంత్ తాడు విప్పి, చుట్ట చుట్టి, తల వంచుకుని తెచ్చి ఇవ్వబోయాడు. కోటిరత్నం చెయ్యి చాపలేదు.

"నీ కాడే ఉండనియ్యి లక్ష్మీకాంతూ. అది లేకుంటే ఎట్లుంటాదో నాకు తెలుసు."

నాగజ్యోతి జీపు దిగి, తడి బాటలో నడిచి వచ్చి, కోటిరత్నం బండి తలుపు తెరిచి ముందు సీట్లో కూర్చుంది. మొగుడి వైపు చూడలేదు. బండి బర్రుమంటూ తోటలోకి వెళ్లిపోయింది. లక్ష్మీకాంత్ తాడు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.