ఒంటాకు మొక్కకు ముందస్తు సంతాపం

డాక్టర్ సహారికి జబ్బు ఒక్కటే: బతికున్నవాటికి సంతాపం చెప్పడం. కూచింగ్ నగరంలో, ఎండబెట్టిన మొక్కల్ని భద్రపరిచే హెర్బేరియంలో ముప్ఫై ఏళ్లుగా ఆయన పని, అడవి నేల మీదా కొండ పగుళ్లలోనూ పెరిగే చిన్నచిన్న మొక్కల జాతులు తేల్చడం. ఏ మొక్కను చేతికిచ్చినా భూతద్దంలోంచి ఓసారి చూసి, "పాపం, ఇది పోయినట్టే" అనేవారు.

క్యాంటీన్‌లో లక్సా అనే నూడుల్స్ పులుసు గిన్నె ముందుపెట్టినా అంతే.

"ఈ రుచి వచ్చే ఏడాదికి ఉండదమ్మా."

"పదేళ్లుగా ఇదే పాట! ముందు తినండి డాక్టర్, వేడి పోతుంది," అనేది వంటామె.

"చూశావా? అదీ పోతోంది."

ఎండిన మొక్కల్ని అట్టలకు కుట్టే సుమోక్‌కు మొదట్లో ఈ మాటలకు నవ్వొచ్చేది. ఆమె భర్త జినెప్ డాక్టర్‌తో కొండలెక్కే మనిషి. తమ ఊరి సున్నపురాతి కొండ మీద, జీవితమంతా ఒకే ఒక్క ఆకుతో గడిపే మొక్కను మొదట చూసింది అతనే. ఆ వానల్లోనే జ్వరమొచ్చి పోయాడు. ఆ కొత్త జాతికి జినెప్ పేరు పెడతానని డాక్టర్ శవం పక్కన నిలబడి మాటిచ్చారు. ఇచ్చి, మూడేళ్లు కలం ముట్టలేదు.

"డాక్టర్, ఆ పేరు సంగతి..."

"తొందరేముంది? ఈపాటికి అది చచ్చే ఉంటుంది."

దాని చావు చూడ్డానికే ఏటా పనిగట్టుకుని కొండెక్కేవారు. మోకాళ్లు దోక్కుపోయి, నిలువునా బురదతో దిగి, "ఈసారికి బతికింది. ఏం లాభం?" అనేవారు, దొంగ చేజారిన పోలీసులా.

నాలుగో ఏడు రాళ్ల కంపెనీ ఆ కొండను పేల్చేసింది. ఆ మొక్క ఎండుటాకునే అట్టకు కుడుతున్న సుమోక్ సూది పక్కన పడేసింది.

"అయిపోయింది. ఇక మా ఆయన పేరు దేనికి పెడతారు? ఈ ఎండుటాకుకా?"

డాక్టర్ నోట మొదటిసారి సంతాపం రాలేదు. "ఇంటికి రా," అన్నారు.

ఇంట్లో ఆయన భార్య హంసియా స్నానాలగది తలుపు తోసింది. లోపల కాలు పెట్టే చోటు లేదు. అన్నీ తడి సున్నపురాళ్లే. ప్రతి పగులులోనూ ఒక్కొక్క ఆకు. నలభై దాకా ఉంటాయి.

"కొండెక్కినప్పుడల్లా చిటికెడు విత్తనాలు పట్టుకొచ్చారమ్మా. మూడేళ్లుగా నేను మా చెల్లెలింటికెళ్లి నీళ్లు పోసుకుంటున్నా!"

"నాకెందుకు చెప్పలేదు డాక్టర్?"

"రెండుసార్లు మొలిచి చచ్చాయి. చెబితే ఆశ పెట్టుకునేదానివి. ఆ ఏడుపేదో నేనొక్కణ్ణే ఏడిస్తే పోలా? జినెప్ పేరు పెట్టినది కూడా పోయిందని నీకు రెండో చావు కబురు నేను చెప్పలేనమ్మా."

సుమోక్ వంగి ఒక ఆకును వేలికొసతో తాకింది.

"మెల్లిగా," అన్నారు డాక్టర్. "ఆ మూలది మొగ్గ తొడిగింది."

ఆ ఏడాదే జినెప్ పేరుతో కొత్త జాతి అచ్చయింది. ఎక్కడ పెరుగుతుందో రాయాల్సిన చోట డాక్టర్ ఉన్నదున్నట్టు రాశారు: "కొండ ఇప్పుడు లేదు. ప్రస్తుతం నా భార్య స్నానాలగది."

అచ్చుకు ముందు పత్రిక సంపాదకులు ఆ వాక్యం తీసేయమన్నారు. హంసియా ఒప్పుకోలేదు.